మొదటి ఆరు వారాలు మైకు పట్టుకోకండి

(క్రైస్తవ మిషనరీలుగా విదేశీ సేవకు బయల్దేరుతున్న యువతీయువకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ వందనాలు. వెనకున్నవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఫ్యాను చప్పుడులో సగం మాటలు పోతాయి. కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి. అంకెలు చాలా వస్తాయి.

పిలుపు గురించి, భారం గురించి పెద్దలు ఇప్పటికే మీకు చెప్పారు. నేను ఆ జోలికి వెళ్లను. విమానం దిగిన రోజు ఒకటి అనుకుంటే, అక్కణ్ణించి 42వ రోజు దాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎక్కడ దెబ్బతింటారు, అంతవరకే నా పని.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మీలో కొందరికి నచ్చదు. ఆ ఆరు వారాలూ బైబిలు వాక్యం చెప్పకండి, అంటే ప్రసంగించకండి. అడిగినా చెప్పకండి. "ఇంత దూరం నుంచి వచ్చారు, రెండు మాటలు చెప్పండి" అంటారు, పక్కన తర్జుమా చేసే మనిషిని నిలబెడతారు, మీకూ సంబరంగానే ఉంటుంది. వాళ్ల భాషలో మీ పేరు చెప్పి, రావడం సంతోషంగా ఉందని ఒక్క ముక్క చెప్పి కూర్చోండి. ఎందుకంటే ఒకసారి వేదిక ఎక్కించినవాణ్ణి కిందికి దింపి అక్షరాలు దిద్దించే ధైర్యం ఏ సంఘానికీ ఉండదు. రెండో వారంలోనే ప్రసంగీకుడైపోయిన కుర్రవాడు రెండేళ్ల తర్వాత కూడా తర్జుమా మనిషిని వెంటేసుకునే తిరుగుతాడు. తప్పు మాట్లాడితే దిద్దేవాళ్లుండరు. బస్సు ఎలా ఎక్కాలో చెప్పేవాళ్లుండరు. అతనికి తెలియదని ఎవరూ అనుకోరు మరి.

మరి ఆరు వారాలూ ఏం చేస్తాం అంటారా? చేతినిండా పనే.

కాగితాల దగ్గర మొదలుపెడదాం. చైనాకి వెళ్లిన మిషనరీ హడ్సన్ టేలర్ 1854 మార్చి 1న షాంఘైలో దిగాడు, అప్పటికి 21 ఏళ్లు. చేతిలో మూడు పరిచయ ఉత్తరాలున్నాయి. మొదటి ఉత్తరం ఎవరికి ఇవ్వాలో ఆయన అప్పటికే జ్వరంతో చనిపోయాడు. రెండో ఆయన అమెరికా వెళ్లిపోయాడు. మూడో ఆయన, మెడ్‌హర్స్ట్, ఇల్లు ఖాళీ చేసి వేరేచోటికి మారాడు. నగరం చూస్తే తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. చివరికి లండన్ మిషన్ డాక్టరు లాక్‌హార్ట్ తన ఇంట్లో చోటిచ్చాడు. ఇప్పుడు ఫోన్లున్నాయి కదా అని నవ్వుకోకండి. 20 గంటల ప్రయాణం చేసి దిగేసరికి ఫోన్లో చార్జింగు ఉండదు, ఉన్నా మీ సిమ్ అక్కడ పలకదు. అందుకని ముగ్గురి పేర్లు, నంబర్లు, చిరునామాలు కాగితం మీద రాసుకోండి. చిరునామా ఆ దేశపు లిపిలోనే రాయించి తెప్పించుకోండి. టాక్సీ నడిపే మనిషికి ఇంగ్లీషు అక్షరాలు రావాలన్న రూలేమీ లేదు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు, ఒకే సంఘంవాళ్లు కాకుండా చూసుకోండి. ఆ ఇంట్లో ఒకరు ఆస్పత్రి పాలైతే ఆ మూడు నంబర్లూ ఒక్క నంబరుతో సమానం.

వీసా విషయం. ఏ పని చేయడానికి వెళ్తున్నారో ఆ పనికి తగ్గ వీసాతోనే వెళ్లండి. టూరిస్టు వీసా మీద వెళ్లి మతపరమైన పని చేస్తే చాలా దేశాల్లో అది వీసా షరతుల ఉల్లంఘన. 1793లో మిషనరీ విలియం కేరీ ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండానే బెంగాల్లో దిగాడు నిజమే. ఆ ఉదాహరణ చెప్పి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాట వినకండి. ఇవాళ ఆ దారి పడితే మిమ్మల్ని తర్వాతి విమానం ఎక్కించి పంపేస్తారు, మీకంతటితో అయిపోతుంది. మీకు ఇల్లిచ్చిన కుటుంబం మాత్రం ఏళ్లతరబడి పోలీసు స్టేషను చుట్టూ తిరుగుతుంది.

చాలా దేశాల్లో విదేశీయులు దిగిన కొద్ది రోజుల్లోనే ఎక్కడ ఉంటున్నారో నమోదు చేయించుకోవాలి. ఎన్ని రోజుల్లో, ఏ ఆఫీసులో, చేయించాల్సింది మీరా ఇంటి యజమానా, ఈ మూడూ బయల్దేరకముందే కనుక్కోండి. నమోదు చేశాక ఇచ్చే చీటీని పాస్‌పోర్టులోనే దాచండి. తిరుగు ప్రయాణంలో అడిగితే చూపించాలి. పాస్‌పోర్టుకి మరో ఆరు నెలలైనా గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. వీసా పొడిగించేటప్పుడు కూడా అదే లెక్క చూస్తారు కాబట్టి, ఏడాది ఉండబోయేవాళ్లకి ఏడాదిన్నర గడువు ఉండాలి. ఎల్లో ఫీవర్ టీకా అవసరమైన దేశమైతే, టీకా వేయించుకున్న పది రోజులకి గాని ఆ సర్టిఫికెట్ చెల్లదు. ప్రయాణానికి వారం ముందు వేయించుకుని విమానాశ్రయంలో చిక్కుకుపోయేవాళ్లు ఉంటారు. 2016 జులై నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే పదేళ్లకోసారి మళ్లీ అక్కర్లేదు.

మందులు తీసుకెళ్లేవాళ్లు స్ట్రిప్పులు కత్తిరించి డబ్బాలో పోసుకోకండి. పేరు కనిపించేలా అసలు ప్యాకింగులోనే ఉంచి, డాక్టరు చీటీ జతచేయండి. చీటీ మీద కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు అసలు పేరు ఉండాలి. కోడీన్ ఉన్న దగ్గు మందులు, కొన్ని నిద్రమాత్రలు కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా తీసుకెళ్తే నేరం.

ఇక శరీరం సంగతి. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మొదటి నెలలో "నాకు మనసు బాగోలేదు, దేవుడు నన్ను ఇక్కడికి పిలవలేదేమో" అనే మాటల్లో సగం నిద్ర చాలక వచ్చేవే. ఒళ్లు ఒక టైము జోను దాటిన తేడాని సర్దుకోవడానికి సుమారు ఒక రోజు తీసుకుంటుంది. ఎనిమిది గంటల తేడా అంటే వారం పైమాటే. తూర్పు వైపు వెళ్లినవాళ్లకి ఇంకా కష్టం, ఒంట్లో గడియారాన్ని ముందుకు జరపడం కన్నా వెనక్కి జరపడం తేలిక. దిగిన రోజు నుంచే అక్కడి గడియారం ప్రకారం తినండి, పడుకోండి. పగలు ఇంట్లో తలుపులేసుకుని ఉండకండి, వెలుగులో తిరగండి, ఒంటి గడియారాన్ని తిప్పేది వెలుగే. మధ్యాహ్నం కునుకు తప్పదనుకుంటే 20, 30 నిమిషాలకి అలారం పెట్టుకోండి. నాలుగు గంటలు పడుకున్నారా, ఆ రాత్రి పోయినట్టే. ఆ మొదటి వారంలో పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకండి. అద్దె ఒప్పందం మీద సంతకం కూడా ఆ వారంలో వద్దు.

నీళ్లు. బుడగలు పైకి పొంగేలా మరిగించి ఒక నిమిషం ఉంచితే చాలు. సముద్ర మట్టానికి 2,000 మీటర్ల పైన ఉన్న ఊరైతే మూడు నిమిషాలు, అక్కడ నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి. తాగే నీళ్లు మరిగించి, ఐసు ముక్కలు వేసిన పానీయం తాగి, కుళాయి నీళ్లతో పళ్లు తోముకుంటే ఆ మరిగించిన శ్రమంతా వృథా. విరేచనాలు పట్టుకుంటే మొదట మందు కాదు, నీరూ ఉప్పూ చూడండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద ఎంత నీళ్లని రాసి ఉందో అంతా కలపాలి, పెద్ద ప్యాకెట్టుకి ఒక లీటరు. సగం ప్యాకెట్టు గ్లాసులో కలిపి తాగేవాళ్లున్నారు. అలా చిక్కగా కలిపితే ఒంట్లో నీరు నిలవడం మాట అటుంచి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. రక్తం పడినా, తీవ్రమైన జ్వరం తోడైనా ఇంట్లో ఉండకండి, ఆస్పత్రికి వెళ్లండి.

మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లేవాళ్లు ఏ మాత్ర అన్నది మీ డాక్టరుతోనే తేల్చుకోవాలి. కానీ తేడాలు తెలిసి ఉండాలి. అటోవాక్వోన్–ప్రోగ్వానిల్ రోజూ వేసుకునేది, ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం వదిలాక ఏడు రోజులు కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ కూడా రోజూ వేసుకునేదే, కానీ వదిలాక నాలుగు వారాలు వాడాలి. అది నిండు గ్లాసు నీళ్లతో మింగి, వెంటనే పడుకోకుండా ఉండాలి, లేదంటే గొంతు కింద గొట్టం పుండవుతుంది. ఎండకి చర్మం కమిలిపోతుంది కూడా. మెఫ్లోక్విన్ వారానికి ఒకటి, కనీసం రెండు వారాల ముందే మొదలెట్టాలి. ఈ మెఫ్లోక్విన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొందరిలో అది పీడకలలు, ఆందోళన, దిగులు, తల తిరగడం తెస్తుంది. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. కొత్త దేశంలో మూడో వారంలో పిల్లవాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే అందరూ ఆత్మీయ పోరాటం అంటారు, కొత్త చోటు బెంగ అంటారు. ప్రార్థన చేయండి, వద్దనను. ఆ పూటే మాత్ర పేరు కూడా చూడండి. డాక్టరుకి ఫోను చేసి మాత్ర మార్పించండి. సొంతంగా ఆపేసి ఊరుకోవడం మాత్రం వద్దు, మలేరియా ఎదురు చూస్తూంటుంది.

మాత్ర వేసుకుంటున్నా మలేరియా రావచ్చు. దోమ కుట్టిన ఏడు రోజుల లోపు సాధారణంగా జ్వరం రాదు. కాబట్టి దిగిన మూడో రోజు జ్వరం వేరే ఏదో. ఎనిమిదో రోజు నుంచి వచ్చే ఏ జ్వరానికైనా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి, మర్నాటికి వాయిదా వద్దు. మలేరియా దోమ చీకటి పడ్డాక కుడుతుంది, డెంగీ దోమ పగలు కుడుతుంది. అంచేత దోమతెర ఒక్కటే చాలదు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ ముట్టకూడదు, రక్తస్రావం ప్రమాదం. పారాసెటమాల్ ఒక్కటే, అదీ చెప్పిన మోతాదులో.

సరే, ఆరోగ్యం అయింది. ఎక్కడ ఉంటారు?

దీని మీద 1980ల్లో, మిషనరీలకి భాష నేర్చుకునే పద్ధతి బోధించే టామ్ బ్రూస్టర్, బెట్టీ స్యూ బ్రూస్టర్ దంపతులు చాలా గట్టిగా వాదించారు. కొత్త మిషనరీ దిగిన వెంటనే, పాత మిషనరీల ఇంటికి కాకుండా, స్థానిక కుటుంబం ఇంటికి వెళ్లాలి, తక్కువ సామానుతో వెళ్లాలి, మొదటి వారాల్లోనే ఆ బంధం పడాలి అన్నారు. వాళ్లు చెప్పినంత కఠినంగా అందరికీ కుదరదు. చిన్నపిల్లలున్నవాళ్లకి, ఒంటరి ఆడపిల్లలకి ఇల్లు ముందుగా చూసి పెట్టాలి, గదికి లోపలి గడియ ఉందో లేదో కూడా అడగాలి. కానీ అసలు విషయం నిజం. మొదటి రెండు వారాలు ఎవరి మధ్య గడుపుతారో వాళ్లే మీకు "మనవాళ్లు" అయిపోతారు. సొంత భాషవాళ్లతో నాలుగు వారాలుండి ఆ తర్వాత వెళ్దాంలే అనుకున్నవాళ్లకి ఆ గడప దాటడం చాలా బరువవుతుంది.

మన భాషవాళ్ల కోసమే వెళ్లేవాళ్ల సంగతి వేరు. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపాయి. అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల కోసమే ఆయన వెళ్లారు, కాబట్టి భాష అడ్డం కాలేదు. మీలోనూ అలా వెళ్లేవాళ్లుంటారు. మీకు వచ్చే చిక్కు ఏమిటంటే, తెలుగు సంఘం గోడల మధ్య పదేళ్లు గడిపేసి పక్కింటివాళ్ల పేరు కూడా తెలియకుండా ఉండిపోవచ్చు. అందుకని భాష గురించి ఇప్పుడు చెప్పేది మీకూ వర్తిస్తుంది.

భాష నేర్చుకోవడంలో మొదటి పొరపాటు పుస్తకం కొనడం. రెండోది యాప్ మీద రోజుకి పది నిమిషాలు గడిపి నేర్చుకున్నామనుకోవడం. మనిషి కావాలి. డబ్బిచ్చి పెట్టుకోండి, ఉచితంగా నేర్పేవాళ్లు పదో రోజుకి కనిపించరు, వాళ్ల తప్పు కాదది, వాళ్లకీ పనులుంటాయి. బాగా చదువుకున్నవాళ్లే కావాలని లేదు. ఓపిక ఉండాలి, ఆ భాషే వాళ్ల మాతృభాష అయి ఉండాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు దొరికితే జాగ్రత్త. మూడో రోజుకి వాళ్లు మీ దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటుంటారు, జీతం మాత్రం మీరిస్తుంటారు.

కూర్చునే గంటలో ఏం చేయాలి? గ్రెగ్ థామ్సన్ అనే భాషావేత్త రూపొందించిన పద్ధతిలో మొదటి దశ 100 గంటలు. అందులో మొదటి 30 గంటలు నేర్చుకునేవాడు నోరు తెరవడు, వినడమే. బల్ల మీద పది వస్తువులు పెడతారు. నేర్పే మనిషి "చెంబు ఏది? తాళం ఏది?" అని వాళ్ల భాషలో అడుగుతూంటే మీరు వేలితో చూపిస్తారు. రెండు వస్తువులతో మొదలెట్టి, తడబడకుండా చూపించగలిగితే మూడోది కలుపుతారు. తర్వాత "లే, కూర్చో, తలుపు తియ్" లాంటి పనులు, తర్వాత బొమ్మలు. పిల్లల ఆటలా ఉంటుంది, పెద్దమనుషులకి సిగ్గేస్తుంది. కానీ వింటూ గుర్తుపట్టడం ముందొచ్చి, పలకడం తర్వాతొస్తే ఉచ్చారణ చెడిపోదు. వినకముందే పలకడం మొదలెట్టినవాడు మన అక్షరాల్లో రాసుకుని, మన అక్షరాల్లోనే పలుకుతాడు. తెలుగు అజంత భాష కదా, హల్లుతో ఆగే మాట చివర మన నాలుక అచ్చు తగిలించేస్తుంది. స్వరాల భాషల్లో అయితే ఇంకా పెద్ద చిక్కు. చైనా మాండరిన్‌లో నాలుగు స్వరాలు, థాయ్‌లో ఐదు. గొంతు ఎత్తడం దించడం మన చెవికి కోపంలాగో ప్రశ్నలాగో వినిపిస్తుంది, వాళ్లకి అది వేరే మాటే. ఆ తేడా చెవి పట్టుకోవడానికే 30 గంటలు.

బ్రూస్టర్ల పద్ధతి దీనికి ఎదురు. తొలిరోజు నుంచే మాట్లాడమంటారు వాళ్లు. నాలుగు వాక్యాలు: నమస్కారం, నేను మీ భాష నేర్చుకుంటున్నాను, నాకు వచ్చింది ఇంతే, మళ్లీ కలుద్దాం. పొద్దున్న నేర్పించుకోవడం, ఫోన్లో రికార్డు చేసుకోవడం, వాటినే మధ్యాహ్నం వీధిలో వీలైనంత మందికి చెప్పడం. మర్నాడు మరో నాలుగు. రెండూ కలిపి వాడుకోండి అంటాను నేను. పొద్దున గంటన్నర వినడం, సాయంత్రం రెండు గంటలు ఆ నాలుగు వాక్యాలతో వీధి. ఒకే దారిలో, ఒకే వేళకి వెళ్లండి. వారం తిరిగేసరికి ఆ దారిలోవాళ్లు మీ కోసం చూస్తారు, మీ తప్పులు దిద్దుతారు, నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్లు నవ్వినంత కాలం మీకు పాఠం జరుగుతున్నట్టే.

బైబిలుకి, ప్రార్థనకి సంబంధించిన మాటలు ఈ దశలో సొంతంగా తయారుచేయకండి. దేవుడు అన్న మాటకే చైనా బైబిల్లో ఒక ముద్రణ "షాంగ్‌దీ" అని, ఇంకొకటి "షెన్" అని వాడతాయి. ఏ సంఘం ఏది వాడుతుందో చూసి అదే వాడాలి. డిక్షనరీ తీసి ప్రార్థన కూర్చుకుంటే ఆ మాట ఇంకో మతంవాళ్ల పూజలోదై ఉండొచ్చు.

గడియారం, కేలండరు కూడా భాషలాంటివే. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవాళ్లు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెడతారు. ఉదయం ఏడు గంటలు వాళ్లకి ఒంటిగంట. "మూడు గంటలకి రండి" అని స్వాహిలీలో అంటే ఉదయం తొమ్మిది. మీరు మధ్యాహ్నం మూడింటికి వెళ్తే కూటం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇథియోపియాలో ఏడాదికి 13 నెలలు, సంవత్సరం లెక్క మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక. థాయ్‌లాండ్ కాగితాల మీద సంవత్సరం 543 ఎక్కువ ఉంటుంది. వీసా పొడిగింపు తేదీ చదువుకునేటప్పుడు ఇది తెలియకపోతే కంగారే. నేపాల్లో సంఘాలు చాలావరకు శనివారం కూడుకుంటాయి, వారంలో సెలవు ఆ రోజు కాబట్టి. బల్గేరియాలో తల పైకీ కిందికీ ఊపితే కాదని. ఇలాంటివి ప్రతి దేశానికీ ఉంటాయి. దిగిన మొదటి రోజే "పిలవడానికి చేతితో ఎలా సైగ చేయాలి, ఏ సైగ బూతు" అని ఒక కుర్రాణ్ణి అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్లు మొహమాటపడి చెప్పరు.

ఇప్పుడు మూడో వారానికి వద్దాం.

మొదటి రెండు వారాలూ అన్నీ వింతగా, బాగానే ఉంటాయి చాలామందికి. ఆ తర్వాత ఒక పొద్దున లేచేసరికి ఆ వీధి, ఆ వాసన, ఆ భాష మోత అన్నీ ఒంటికి పడవు. కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో దీని లక్షణాలు వరసపెట్టి చెప్పాడు. చేతులు మాటిమాటికీ కడుక్కోవడం, నీళ్ల గురించీ పక్కబట్టల గురించీ అతిగా భయపడటం, అందరూ మోసం చేస్తున్నారన్న అనుమానం, చిన్న ఆలస్యానికే ఒళ్లు మండటం, ఎటో చూస్తూ కూర్చుండిపోవడం, సొంతవాళ్ల దగ్గరికే పరిగెత్తడం. ఈ జాబితాని గోడకి అంటించుకోండి. ఇందులో మూడు మీలో కనిపిస్తే ఇది దేశం తప్పు కాదు, మీ విశ్వాసం తప్పూ కాదు, మామూలుగా వచ్చేదే. అయితే అందరికీ మూడో వారమే రావాలని లేదు. కొందరికి దిగిన రోజే అన్నిటికన్నా కష్టంగా ఉంటుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మీకు మొదట్లోనే వస్తే మీరేదో తేడా మనిషని అనుకోకండి.

అప్పుడేం చేయాలి? పని తగ్గించకండి, మార్చండి. భాష గంటలు సగం చేయండి, నడక పెంచండి. వారంలో ఒక పూట మీ భాషలో చదువుకోండి, పాడుకోండి. రెండు వారాలు వరసగా నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇక ఓర్చుకోవడం కాదు, అదే రోజు మీ బాధ్యుడికి చెప్పాలి, డాక్టరుని కలవాలి. ఇంటికి తిరిగి రావాల్సొస్తే రండి. బైబిల్లో మార్కు అనే యోహాను, పౌలుతోనూ బర్నబాతోనూ బయల్దేరి కుప్ర దీవి దాటి పెర్గే దాకా వెళ్లి, అక్కణ్ణించి యెరూషలేముకి తిరిగి వెళ్లిపోయాడు. ఎందుకో లూకా రాయలేదు. ఆ సంగతి మీద పౌలు, బర్నబా తగువుపడి విడిపోయారు. చివరికి తిమోతికి రాసిన ఉత్తరంలో అదే పౌలు మార్కుని వెంటబెట్టుకు రమ్మంటాడు, పరిచర్యకి పనికొస్తాడని. ఇక్కడ కూర్చున్న సంఘ పెద్దలకి ఈ మాట. తిరిగొచ్చిన పిల్లవాణ్ణి ఆదివారం అందరి ముందూ నిలబెట్టి సాక్ష్యం అడగకండి.

డబ్బు గురించి త్వరగా చెప్తాను. కొత్త మనిషిని మొదట పలకరించి దగ్గరయ్యేవాళ్లలో మంచివాళ్లూ ఉంటారు, ఊళ్లో ఎవరూ నమ్మనివాళ్లూ ఉంటారు. మొదటి నెలలో ఎవరు ఎలాంటివాళ్లనేది మీకు తెలియదు. అప్పు అడిగితే "మా సంఘంవాళ్లని అడిగి చెప్తాను" అనండి, నిజంగా అడగండి. ఆరు వారాల దాకా సొంతంగా ఎవరికీ అప్పు ఇవ్వకూడదని రూలు పెట్టుకుంటే, కాదనడం మీ మీదకి రాదు, రూలు మీదకి పోతుంది. మీ నగదు రెండు చోట్ల దాచండి, తిరుగు టిక్కెట్టు డబ్బు మాత్రం అసలు ముట్టకూడని చోట.

స్థానిక సంఘంలో మీ స్థానం ఏమిటి? 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్య మాట్లాడాడు. తిరునెల్వేలి తమిళుడు, ఏడాది ముందే దోర్నకల్‌కి వచ్చి తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్నవాడు, తర్వాత 1912లో అక్కడే బిషప్ అయ్యాడు. పాశ్చాత్య మిషనరీల ముందే నిలబడి, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. సభలో కొందరికి చాలా మంట పుట్టించిన మాట అది. ఇప్పుడు బయటినుంచి వెళ్లేది మీరు. కూటం అయ్యాక కుర్చీలు సర్దడం, గిన్నెలు కడగడం, పిల్లల్ని ఆడించడం, వీటికి భాష అక్కర్లేదు. పెద్దల భోజనాల బల్ల దగ్గరికి పిలిస్తే వెళ్లండి, వంటింట్లోకి కూడా వెళ్లండి. భాష వంటింట్లోనే ఎక్కువ దొరుకుతుంది.

ఇక ప్రార్థన ఉత్తరాలు. పంపే సంఘం ప్రతివారం ఫొటోలు, లెక్కలు అడుగుతుంది. బర్మాకి వెళ్లిన మిషనరీ జడ్సన్ రంగూన్‌లో 1813 జులైలో దిగితే మొదటి బాప్తిస్మం 1819 జూన్‌లో. ఆరేళ్లు. మీ ఉత్తరంలో ఆరు వారాలకి లెక్కలేమీ ఉండవు, ఉండకూడదు. ఎన్ని భాషా గంటలు అయ్యాయి, ఎంతమంది పేర్లు తెలుసు, ఒంట్లో ఎలా ఉంది, ఈ మూడే రాయండి. ఆ దేశం మురికి గురించి, ఆలస్యాల గురించి వెటకారంగా రాయకండి. ఫోన్లో తర్జుమా చేసుకుని వాళ్లూ చదువుతారు, తప్పకుండా చదువుతారు. విశ్వాసులకి ఇబ్బందులున్న దేశమైతే ముఖాలు, పేర్లు, ఊరి పేరు వద్దే వద్దు. ఫొటోలో వెనక కనిపించే బోర్డు కూడా చూసుకోండి.

నా సమయం అయిపోయింది. ఒకటి రెండు ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: సంఘం పెద్దలు పట్టుబట్టి ప్రసంగించమంటే, కాదంటే గర్వం అనుకోరా?)

అనుకుంటారు, ఒకసారి కాదంటే. అందుకే దిగకముందే ఉత్తరం రాయించాలి. మిమ్మల్ని పంపేవాళ్లు వాళ్ల పాస్టరు గారికి "మావాడు ఆరు వారాలు మీ దగ్గర నేర్చుకోవడానికే వస్తున్నాడు, వేదిక ఎక్కించకండి" అని రాయాలి. అప్పుడు అది మీ మాట కాదు, పెద్దల మాట. వాళ్లకీ ఊరటే. వచ్చినవాడి ప్రసంగానికి తర్జుమా చేసే మనిషిని వెతుక్కునే పని తప్పుతుంది.

(ప్రశ్న: ఒక తల్లి అడిగారు, ఇంటికి ఎంత తరచుగా ఫోను చేయొచ్చని.)

అమ్మా, మీరు అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. రోజూ వద్దు. దిగిన రోజు క్షేమంగా చేరానని ఒక మెసేజి, ఆ తర్వాత వారానికి ఒకసారి, ముందే అనుకున్న రోజు, అనుకున్న వేళకి, ముప్పావు గంట. రోజూ రాత్రి వీడియోలో మాట్లాడేవాళ్లు మనిషి అక్కడ, మనసు ఇక్కడగా ఉంటారు, సాయంత్రం ఆ ఇంటివాళ్లతో కూర్చునే సమయమంతా ఫోనుకే పోతుంది. జ్వరం వస్తే, ప్రమాదం జరిగితే వేళతో పనిలేదు, ఎప్పుడైనా చేయొచ్చని చెప్పండి. ఇంకొకటి, మూడో వారంలో మీ అబ్బాయి ఏడుస్తూ ఫోను చేస్తే "వచ్చెయ్" అనీ అనకండి, "ఓర్చుకో" అనీ అనకండి. ఇవాళ ఏం తిన్నావు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, ఏ మాత్రలు వేసుకుంటున్నావు, ఈ మూడూ అడగండి. జవాబులు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే అతని బాధ్యుడికి ఫోను చేసి చదివి వినిపించండి.